అద్దాల అడవిలో వెనిల్లా పువ్వు

"ఏమండీ అమ్మగారూ! ముందు ఆ పువ్వు మీంచి చెయ్యి తీయండి!"

వాసు అరిచిన అరుపుకి కొమ్మ మీది చిలకలు కూడా ఎగిరిపోయాయి.

కమ్మీ మీదుగా తీగ వైపు వంగిన చాముండేశ్వరి చెయ్యి వెనక్కి తీసుకుంది. వేళ్ళ మధ్య పళ్ళు కుట్టుకునే పుల్ల ఉంది.

బయట దుబాయ్ ఎండ నిప్పులు చెరుగుతోంది. ఈ అద్దాల గోపురంలో మాత్రం ఎప్పుడూ తుంపరే. వానలు, నాచు, సీతాకోకచిలుకలు, నిద్రమొహం వేసుకుని వేలాడే జంతువులు. ఎక్కడో భూమి అవతలి వర్షారణ్యాన్ని తెచ్చి ఎడారిలో పెట్టారు మహానుభావులు. వాసు అందులో గైడు.

అన్నిటిలోకీ అతని ప్రాణం ఈ వెనిల్లా తీగ. పోయినేడు అది గుత్తులు గుత్తులుగా కాసింది. పిల్లలు బళ్ళ నుంచి బస్సులేసుకుని వచ్చి చూశారు. ఆ కాయల పుణ్యమా అని అతనికి 'వెనిల్లా వాసు' అని పేరు కూడా పడింది.

ఈ ఏడు ముదీర్, అదే మేనేజరు, మురళీ సార్ ముందే చెప్పేశాడు.

"కాయ కాస్తే తీగ ఉంటుంది వాసూ. కాయకపోతే పీకేసి ఐస్‌క్రీం కౌంటరు పెట్టమంటున్నారు పైవాళ్ళు."

అందుకే కాపలా. ఇవాళే మొదటి పువ్వు విచ్చింది. విచ్చీ విచ్చగానే ఈవిడ!

పోయినేడు కూడా పూత రోజుల్లో పొద్దున్నే తలుపు తీయగానే వచ్చేది ఈవిడ. ఏడాది పాసు ఉంది మరి. మనవాళ్ళ సంగతి వాసుకి తెలియదా? పక్కింటి గోడ మీద మందారం కనిపిస్తే చాలు, 'దేవుడికేనండీ' అంటూ తెంపేసే జాతి.

"పూజకి పువ్వులు కావాలంటే కరామా బజార్లో అమ్ముతారండి. అక్కడ కొనుక్కోండి."

"నేను కోశానా? నీ కళ్ళతో చూశావా?"

"పోయినేడు రోజూ కింద బోలెడు రాలి ఉండేవి కదండీ!"

"రాలినవి నా చెయ్యి అందనివి అబ్బాయ్."

"బాగుందండీ వరస! ముట్టుకున్నవి నిలిచాయి, ముట్టుకోనివి రాలాయా?"

"పొద్దున పూసి మధ్యాహ్నానికి వాడిపోయే పువ్వయ్యా ఇది. ఈ అద్దాల్లో దీనికి దిక్కెవరు?"

"నేనున్నానండీ దిక్కు. ఆ పాసు ఇటివ్వండి. ఖలాస్. ఇంక రావద్దు."

చుట్టూ జనం మూగారు. ఎవరో ఫోను కూడా తీశారు. నలుగురిలో దొంగననిపించుకున్న మనిషి ఇంకేం చెబుతుంది? ఆవిడ మొహం ఎర్రబడింది. పాసు ఇచ్చేసింది. చేతిలోని పుల్ల కూడా అతని అరచేతిలో పెట్టింది.

"సరే. రేపటి నుంచి నువ్వే చూసుకో."

ఎంత పొగరు! వాసు ఆ పుల్లని చెత్తబుట్టలో పారేశాడు.

మర్నాడు తీగ చుట్టూ తాడు కట్టించాడు. ఈగని కూడా వాలనివ్వలేదు. పువ్వులు విరగబూశాయి.

విరగబూసి, పూసినవి పూసినట్టే రాలిపోయాయి.

పూత అంతా అయ్యాక ఒక్కటంటే ఒక్క కాయ మిగిలింది. కమ్మీ పక్కన, చెయ్యి అందే చోట.

మురళీ సార్ మొక్కల శాస్త్రం చదివిన శ్రీసుధని పిలిపించాడు. ఆమె తీగని పైనుంచి కిందిదాకా చూసి అడిగింది.

"పోయినేడు పువ్వుల్ని ఎవరు కలిపారు?"

"ఎవరూ కలపలేదు మేడం. సీతాకోకచిలుకలు ఉన్నాయి కదా" అన్నాడు వాసు.

"వాటి వల్ల కాదు. పువ్వు లోపల పుప్పొడికీ కాయ కట్టే చోటుకీ మధ్య పల్చటి తెర ఉంటుంది. దీని పుట్టిల్లు మెక్సికో అడవి. అక్కడి తేనెటీగలే ఆ తెర దాటించగలవు. మరెక్కడ పెంచినా మనిషే ఒక్కో పువ్వునీ పుల్లతో కలపాలి. మీరు అడవిని తెచ్చుకున్నారు గానీ ఈగని మర్చిపోయారు."

"పుల్లతోనా?"

వాసు ఆ మిగిలిన కాయ వైపు చూశాడు. ఆ రోజు ఆవిడ చెయ్యి ఉన్నది సరిగ్గా అక్కడే.

పరుగున వెళ్ళి సొరుగులోంచి పాసు తీసి, దాని మీది నంబరుకి ఫోను చేశాడు. ఎవరో కొత్త మనిషి ఎత్తాడు.

"చాముండేశ్వరి గారాండీ? వాళ్ళాయన ఉద్యోగం అయిపోయిందండి. పోయిన నెలే కోనసీమ వెళ్ళిపోయారు. ఈ ఫోను నాకిచ్చేశారు."

వెనకాల తీగ దగ్గర రంపం చప్పుడు మొదలైంది. మురళీ సార్ దగ్గరికొచ్చాడు.

"పైవాళ్ళు ఆగేలా లేరు వాసూ. ఈ టైములో ఎవరికి ఆ ఫోను? ఆ పాసు మీద ఆవిడెవరు?"

వాసు పాసు మీది ఫోటో చూస్తూ ఉండిపోయాడు.

"ఈ అడవి మొత్తానికి ఉన్న ఒక్క తేనెటీగ సార్. నేనే తరిమేశాను."