తెల్లగూళ్ల పురుగు

“ఛీ! అత్తయ్యా, ఇది చూడండి. వీపంతా తెల్లటి గుడ్లు!”

కోడలు గ్లౌజు వేసుకున్న చేత్తో, మొహం పక్కకి తిప్పుకుని, క్యాబేజీ ఆకు మీది పురుగును సబ్బునీళ్ల బకెట్‌లోకి నెట్టబోయింది.

అత్త చటుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. “ఆగవే తల్లీ! అవి దాని గుడ్లు కావు. చిన్నజాతి కందిరీగ పిల్లల గూళ్లు. పురుగు కడుపులోనే పెరిగి, దాన్ని లోపల్నుంచి తినేసి, తోలు చీల్చుకుని బయటికొచ్చాయి.”

“అబ్బా, చెప్పకండి! ఇంక నాకు అన్నం సయించదు.”

“ఈ పురుగు ఇంక ఆకు ముట్టదు. ఆ గూళ్లలోంచి వచ్చే కందిరీగలు మిగతా పురుగుల్ని వెతికి వెతికి వాటి ఒంట్లో గుడ్లు పెడతాయి. మందు కొట్టకుండా ఈ మడి నిలబడిందంటే వాటి చలవే.”

కోడలి మొహం పాలిపోయింది. “ఇందాకట్నుంచీ ఇలాంటివే ఏరుతున్నా అత్తయ్యా. అన్నిటికంటే అసహ్యంగా ఉన్నాయని ముందు వీటినే పట్టుకున్నా.”

ఇద్దరూ బకెట్ వంక చూశారు. పచ్చటి నురగ మీద లావుపాటి పురుగులు ఉబ్బి తేలుతున్నాయి.

గ్లౌజుతో ఆ చిన్న గూళ్లు చేతికి తగలవు. కోడలు దాన్ని పీకి అవతల పారేసింది. “ఛీ, ఛీ” అంటూనే మోచేతి దాకా చెయ్యి ముంచి, తెల్లటివాటి కోసం దేవులాడింది.