కొత్తవాళ్లకు పదిహేను రోజులు

"పదిహేను రోజుల దాకా కొత్త మెంబర్లు ప్రశ్నలు అడగొద్దు, అన్నా. గ్రూపు రూలది," అన్నాడు జస్టిన్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

అక్వేరియం చేపలు పెంచేవాళ్ల కోసం ఇంటర్నెట్‌లో ఆ గ్రూపు పెట్టింది అతనే, రూల్సు రాసిందీ అతనే.

బయట బొగ్గుబాయి కార్మికుడు సంపత్ స్టీలు క్యాను పట్టుకొని ఉన్నాడు. అందులో గోల్డ్‌ఫిష్ ఒకటి నీటిపైకి నోరు తెరిచి ఊపిరికి ఎగపోస్తోంది.

"ఇల్లందు నెట్ సెంటర్ల కూసొని తొమ్మిది దినాలసంది చూస్తున్న సారూ. గ్రూపుల రాయనిస్తలేదు. అడిగి అడిగి మీ ఇల్లు పట్టిన."

"కొత్త చేపను తేంగనే తొట్టిల ఏస్తమా? పదిహేను రోజులు వేరే సీసాల పెడ్తం. లేకుంటే దాని రోగం అన్నిటికీ అంటుతది. మనుషులైనా గంతే. మూడొందల మంది ఉన్న గ్రూపు నాది."

"ఆరు చేపలు కొనుక్కొచ్చిన సారూ. గిదొక్కటే మిగిలింది."

వెనక నుంచి జస్టిన్ భార్య మహిమ దొడ్డుప్పు డబ్బాతో వచ్చింది.

"ఏమండీ, వేరే సీసాల పెట్టిన చేపను రోజుకు మూడుసార్లు పోయి చూస్తరు గదా. ఉప్పేస్తరు, నీళ్లు మారుస్తరు, దానికోసం ప్రార్థన గూడ చేస్తరు. ఈ అన్నను తొమ్మిది దినాల్ల ఒక్కసారన్న చూసిన్రా?"

జస్టిన్ ఉప్పు డబ్బా అందుకొని గుమ్మంలోంచి పక్కకు జరిగాడు.

"లోపలికి రా అన్నా, జల్దీ."

సంపత్ చెప్పులు విడిచి, గడప దగ్గరే ఆగిపోయాడు.

"ఇంకా ఆరు దినాలున్నయి గద సారూ?"