ఒక్క ప్రేక్షకుడి ఛానల్

పోషెంగ్ విజిటింగ్ కార్డు మీద 'అధినేత' అని ఉంటుంది. కంపెనీలో ఉన్నది అతనొక్కడే. కాబట్టి ఆఫీసు ఊడ్చేదీ అధినేతే.

"మీ పేరుతో మీకే ఓ టీవీ ఛానల్! లోకమంతా చూస్తుంది!" ఇదీ అతని పాట. యోగా టీచరు విని నవ్వింది. గాలాలమ్మే కొట్టాయన, "చేపలు కూడా చూస్తాయా?" అన్నాడు. పళ్ళ డాక్టరు పాట సాంతం వినకుండానే ఓ పన్ను పీకి పంపించాడు.

ఈ నెలాఖరుకి ఒక్క గిరాకీ కూడా తగలకపోతే బావమరిది స్కూటర్ల షెడ్డులో పంచర్లు వేసుకోవాలి. భార్య షుచిన్ తేల్చి చెప్పేసింది. బావమరిది అప్పుడే ఇతని కొలతలకి ఓ నీలం చొక్కా కుట్టించి మేకుకి తగిలించాడు కూడా. ఆ చొక్కా తలుచుకుంటే పోషెంగ్‌కి అన్నం సహించడం లేదు.

అలాంటప్పుడు హూవే ఊరి నుంచి ఫోనొచ్చింది. చేప ఉండల చారు అమ్మే కిమ్‌హ్వా పిన్ని పిలిచింది. పోషెంగ్ తైచుంగ్ పట్నం నుంచి రెక్కలు కట్టుకుని ఆవిడ కొట్లో వాలాడు.

"పిన్నీ, మొదటి నెల్లోనే మీ చారుని వెయ్యిమంది చూస్తారు. ఏడాది తిరిగేసరికి..."

"నా చారు తాగాలి గానీ చూడ్డమేమిట్రా అబ్బాయ్? ఛానల్లో బొమ్మలాటలు రావాలి. చూసేది మా పెద్దాయన ఒక్కరే."

"ఒక్కరేనా?"

"ఏం, ఒక్కరు చాలరూ?"

పిన్ని పెట్టిన చారులోని చేప ఉండ పోషెంగ్ గొంతుకి అడ్డం పడింది. లోకాన్నంతా టీవీ ముందు కూర్చోబెడతానన్న మొనగాడికి ఒక్క ముసలాయన దొరికాడు! అయినా గిరాకీ గిరాకీయే. ముఖానికి నవ్వు పులుముకున్నాడు.

"పెద్దాయనకి బొమ్మలాటంటే ప్రాణం," అంది పిన్ని. "ఇదివరకు వీధిలోనే ఆడేవాళ్ళు. ఆడించే లిన్ మాస్టారు మోకాళ్ళు పడిపోయి కావ్‌షుంగ్‌లో కూతురింటికి వెళ్ళిపోయాడు. ఫోన్లో పెట్టి చూపించాను. సేనాపతి కత్తెత్తాడో లేదో, బొజ్జ తగ్గించే మాత్రల ప్రకటన! పెద్దాయన ముందు నాకు తల కొట్టేసినట్టయింది."

"కోప్పడ్డారా?"

"ఆయన పైకి ఏమీ అనరు. అదే నా భయం."

"రిమోట్ నొక్కగలరా?"

"చెయ్యి కదపరు."

పక్షవాతం కాబోలు, పాపం అనుకున్నాడు పోషెంగ్.

"టీవీ మాత్రం కాస్త ఎడంగా పెట్టు. పొగకి పాడైపోతుంది. ఆయన ముఖమే నల్లబడిపోయింది."

"మానెయ్యమని డాక్టరు చెప్పలేదా?"

పిన్ని అతన్ని ఎగాదిగా చూసింది. "పట్నం వాళ్ళు!" అని గొణుక్కుని గిన్నెలో ఇంకో ఉండ వేసింది.

అప్పుడు పోషెంగ్‌కి పాడు బుద్ధి పుట్టింది. అంటే, నిజం చెప్పాలనిపించింది. వ్యాపారంలో అంతకంటే పాడు బుద్ధి ఏముంటుంది?

"పిన్నీ, దీనికి ఛానలెందుకు? ఓ పెన్‌డ్రైవ్‌లో ఆటలెక్కించి టీవీకి గుచ్చితే సరిపోతుంది," అనేసి నాలుక కరుచుకున్నాడు. నీలం చొక్కా కళ్ళముందు ఊగింది.

"ఆ మాత్రం నాకు తెలీదా? మా మనవడూ అదే అన్నాడు. చేతులు ఆడినన్నాళ్ళూ కొత్త ఆటలు కడతానంటున్నాడు లిన్ మాస్టారు. అక్కడ ఆడితే ఇక్కడ దానంతటది రావాలి. చూసిందే మళ్ళీ చూపిస్తే పెద్దాయనకి మర్యాదా?"

పోషెంగ్‌కి ప్రాణం లేచొచ్చింది. "మరి పెద్దాయన ఒప్పుకున్నారా?"

"మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ సరేనన్నారు. నీకంటే ముందొకడొచ్చాడు, వాణ్ణి మొదటిసారే కాదనేశారు."

పోషెంగ్ ఛాతీ ఉబ్బింది. తన గొప్ప చెవిన పడ్డాక అతనికి ఇంకేమీ వినపడదు. తనలో ఏదో ఉందని ఈ ముసలాయనైనా కనిపెట్టాడు! ఇంటికెళ్ళగానే షుచిన్‌కి ఈ ముక్క పదిసార్లు చెప్పాడు. షుచిన్ ఒక్కసారే వింది.

ఛానల్ సిద్ధమైంది. లిన్ మాస్టారి మొదటి ఆట ఎక్కింది. పోషెంగ్ కొత్త చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని, టీవీ భుజానికెత్తుకుని కిమ్‌హ్వా పిన్ని వెంట కొట్టు వెనక సందులోకి నడిచాడు. దారిపొడుగునా పలకరింపు వల్లించుకున్నాడు. చెవుడు కూడా ఉందేమో, గట్టిగానే పలకరించాలి.

"తాతగారూ, నమస్కారం! నేనేనండీ, మీరు మెచ్చిన కుర్రాణ్ణి!" అని గుమ్మంలోంచే కేకేశాడు.

పిన్ని పక్కకి తప్పుకుంది. ఎదురుగా నారింజపళ్ళ వెనక, అడిగినదానికి అవునో కాదో తేల్చడానికి విసిరే జంట చెక్కల వెనక, అగరుబత్తుల పొగలో, ఆ వీధిని కాచే నేలదేవుడి నల్లని కొయ్య విగ్రహం పీట మీద కూర్చుని ఉంది.