వానకు జాగ

ఆటలోకి వాన రావాలంటే ఇంకేదో పోవాలని శ్రీహరి పొద్దుటి నుంచీ అంటూనే ఉన్నాడు. అవ్వ గొంతు మాత్రం తీయొద్దని భార్య లత కూడా అంటూనే ఉంది.

శ్రీహరి కోరుట్లలో ఇంట్లోనే కూర్చుని, అరచేతిలో పట్టే చిన్న గేమ్ మిషన్ కోసం ఆట తయారుచేస్తున్నాడు. ఆటలో ఊరు సిరిసిల్ల. మిషన్‌లో మెమరీ ఎంతుందో అంతే. పెంచడానికి లేదు.

"నా పోపుల డబ్బ లెక్కనా?" అంది తల్లి నర్సవ్వ. "ఉన్న గిన్నెలు గన్నే. కొత్తది పొయ్యాలంటే ఒకటి ఖాళీ చెయ్యాలె."

"గట్లనే అమ్మా. గొంతులే ఎక్కువ జాగ తింటున్నయి."

ఆటలో నూలు కండెలు చుట్టే అవ్వ దగ్గరికి పోతే, "బువ్వ తిన్నవా బిడ్డా?" అంటుంది. సిరిసిల్లలో మల్లవ్వ అనే ముసలామె తన వాకిలి ముందు నుంచి పోతున్న ఎవరినో అడుగుతుంటే శ్రీహరి ఫోన్‌లో పట్టుకొచ్చిన మాట అది.

ఆ మాట కోసమే రాజనర్సు వచ్చేవాడు. సిరిసిల్ల మనిషి, కోరుట్లలో ఒక బట్టల దుకాణంలో పని. తన మాట ఆటలో ఉందని మల్లవ్వ చెప్పిందంటూ ఒక ఆదివారం వచ్చి, ఇక ప్రతి ఆదివారం వచ్చాడు. మిషన్ చెవికి ఆనించుకుని అదొక్కటే మళ్లీ మళ్లీ వినేవాడు. పాపం, మల్లవ్వ మీద మనసు పడ్డట్టుందని లత నవ్వేది.

చివరికి రాజీ కుదిరింది. అవ్వ మాట ఉంటుంది. దాని చివర మరమగ్గాల మోత, అందులో ఎవరో అన్న అరమాట, అంతవరకు కోసేశాడు. ఆ కాస్త జాగాలో వాన పట్టింది.

ఆదివారం రాజనర్సు వచ్చాడు. తెర మీద వాన పడుతోంది. అవ్వ అడిగింది. ఆయన ఆగాడు. మళ్లీ నొక్కాడు. మిషన్ రెండో చెవికి పెట్టుకుని మళ్లీ ఆగాడు.

"తమ్మీ, గింతేనా?"

"గంతేనన్నా. సాంచాల లొల్లి కోసేసిన. మంచిగ ఇనవడ్తలేదా?"

"మంచిగనే ఉన్నది."

చాయ్ సగంలోనే వదిలేసి వెళ్లిపోయాడు.

నర్సవ్వ గ్లాసు తీస్తూ అంది, "అడుగుడే ఉన్నది. జవాబు లేదు గదరా."

ఆ తర్వాత రాజనర్సు రాలేదు. దుకాణంలో అడిగితే పని మానేసి భివండి పోయాడన్నారు. నంబరు కలవలేదు. శ్రీహరి మల్లవ్వకు ఫోన్ చేశాడు. ఆమె చాలాసేపు చెప్పింది.

ఫోన్‌లో పాత రికార్డింగు అలాగే ఉంది. రాజనర్సులాగే చెవికి ఆనించుకుని విన్నాడు. మల్లవ్వ అడిగింది. మగ్గాల మోతలోంచి, దూరంగా, ఒక ఆడపిల్ల పలికింది.

"ఆఁ, తిన్ననే అవ్వా."

మధ్యాహ్నం అందరూ అన్నాలకు కూర్చున్నాక శ్రీహరి మెల్లగా చెప్పాడు.

"వాన తీసేస్తున్న."

లత గరిట ఆగింది.

"జవాబు చెప్పిన పిల్లకు జాగ కావాలె. ఆమె ఇప్పుడు లేదట. ఫోటోలున్నయట గని, గొంతు ఇంకేడ లేదట. రాజనర్సన్న బిడ్డ."