మోతి కరిచిన కాలు

మోతి మళ్లీ బర్రె కాలు పట్టుకుంది.

పొలం దారిలో ముందు నడుస్తున్న గంగామణి, బర్రె అరుపు విని వెనక్కి తిరిగింది. కుక్క దాని ముందుకాలి దగ్గర వంగి గుర్రుమంటోంది. బర్రె కాలువ గట్టు మీదే ఆగిపోయింది. గంగామణి మట్టిపెళ్ల తీసి విసిరింది. దెబ్బ తగిలినా మోతి కదల్లేదు. బర్రె మళ్లీ దారి మధ్యకు వచ్చాకే పక్కకు తప్పుకుంది.

లింగంపేట దగ్గరి ఆ ఊళ్లో గంగామణి తన మామ రాజయ్యతో ఉంటుంది. భర్త లక్ష్మణ్ దుబాయిలో పని చేస్తున్నాడు. వెళ్లే ముందు అతనే ఎక్కడి నుంచో ఈ కుక్కపిల్లను తెచ్చాడు. వానలో తడిసి వణుకుతున్న దాన్ని కొట్టంలో వదిలితే, వెళ్లి బర్రె పొట్టకు ఆనుకొని పడుకుంది. అప్పటి నుంచి దాని చోటు అదే. రెండూ ఒక తల్లి పిల్లల్లా పెరిగాయి.

అలాంటిది ఎండాకాలం పోయినప్పటి నుంచి కుక్క తీరు మారింది. ఇదివరకు పొలంలో కొంగల వెంట పరుగులు పెట్టేది. ఇప్పుడు బర్రెను విడిచి కదలదు. దాని మూతి ముందు నడుస్తూ ఊరికే మొరుగుతుంది. పక్కకు చేరి ఒంటితో నెడుతుంది. వేరే పశువు దగ్గరికి వస్తే మీదికి ఉరుకుతుంది. కొట్టంలో మాత్రం ఎప్పటిలా మెత్తగా పడుకుంటుంది.

ఆ రోజు బర్రె కాలి మీద పంటి గీతలు చూసి రాజయ్య ముఖం మాడిపోయింది. పక్కింటి భూదవ్వ వచ్చి, కుక్కకు పిచ్చి లేసిందని తేల్చేసింది. బర్రెకు కూడా పిచ్చి ఎక్కుతుందని, గాయానికి కారం, సున్నం కలిపి పెడితే విషం విరుగుతుందని చెప్పింది. రాజయ్య కుక్కను బయట గొలుసుతో కట్టేసి, అలాగే పెట్టాడు. మంటకు బర్రె ఒళ్లంతా వణికింది. కట్టేసిన గొలుసును తెంచుకోవాలని మోతి గింజుకుంది. అది చూసి, పిచ్చి ముదిరిందని అందరూ అన్నారు.

మర్నాడు బర్రె కొట్టం దాటి బయటికి రాలేదు. పలుపు పట్టి గుంజితే గడపలో కాళ్లు తన్నిపెట్టి నిలబడింది. పొలానికని ఎలాగో కాలువ దాకా లాక్కెళ్లారు. అక్కడ అది గట్టు జారి లోపల పడింది. నీళ్లు తక్కువ ఉండబట్టి బతికింది. మోకాళ్లు చెక్కుకుపోయిన బర్రెను పది మంది పట్టి పైకి తెచ్చారు. ఇంటికి వచ్చాక అది గడ్డి ముట్టలేదు. మోతి ఉన్న దిక్కుకు చెవులు నిక్కించి అరుస్తూనే ఉంది.

భూదవ్వ అన్నట్టే అయిందని రాజయ్య నమ్మేశాడు.

"రేపు పొద్దుగాల కుక్కను అడవి దిక్కు తీస్కపోత. మల్ల ఇంటికి రాదు" అన్నాడు.

గంగామణికి దుఃఖం ఆగలేదు. పిచ్చి లేసిన కుక్క అంటే ఆమెకూ భయమే. కానీ మోతి ఆమె చేతిలో అన్నం తింటూనే ఉంది, కుండలో నీళ్లు తాగుతూనే ఉంది.

"ఒక్కసారి డాక్టరమ్మకు చూపిద్దాం మామా. గామె గూడ పిచ్చే అంటే నేను అడ్డం రాను" అంది.

తెల్లారాక, గంగామణి కబురు పెడితే ఎల్లారెడ్డి నుంచి పశువుల డాక్టరు సాయిలత వచ్చింది. ముందు కుక్క దగ్గరికి వెళ్లింది. దగ్గరికి పోవద్దని రాజయ్య కర్ర పట్టుకొని అరిచాడు. ఆమె కాస్త ఎడంగా కూర్చుని, చాలాసేపు దాన్ని చూసింది. ఎప్పటి నుంచి ఇలా కరుస్తోందో అడిగింది. ఎండాకాలం పోయినప్పటి నుంచి అని గంగామణి చెప్పింది.

"పిచ్చి లేసిన కుక్క గన్ని నెలలు బతుకుతదా బాపూ? కొన్ని రోజుల్లనే సచ్చిపోతది. దీనికి ఏ రోగం లేదు" అంది సాయిలత.

తర్వాత బర్రె కాలికి పెట్టిన కారం చూసి ఆమె నొచ్చుకుంది. కుక్క కరిస్తే మనిషికైనా పశువుకైనా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో బాగా కడగాలని, ఆలస్యం చేయకుండా సూది వేయించాలని చెప్పింది. తానే కూర్చుని కాలు కడిగింది. పన్ను లోతుగా దిగలేదని, ఎక్కడ చూసినా గీతలే ఉన్నాయని మెల్లగా అంది. అయినా బర్రెకు సూది వేసింది. మోకాళ్లు, గిట్టలు, నోరు, కండ్లు, పొదుగు అన్నీ చూసింది. లేచి, కుక్కను వదలమని చెప్పింది.

రాజయ్య ఒప్పుకోలేదు. గంగామణే వెళ్లి గొలుసు తీసింది.

మోతి ఒక్క దూకులో కొట్టంలోకి వచ్చింది. బర్రె మూతికి మూతి ఆనించి ఒకసారి మొరిగింది. నిన్న ఎంత గుంజినా రానన్న బర్రె గడప దాటింది. ఎవరూ పలుపు పట్టలేదు. ముందు కుక్క, వెనక బర్రె. వాకిట్లో ఉన్న బండిని చుట్టి, రోడ్డు దగ్గర ఆగి, మోటారు సైకిల్ పోయాక దాటి, కాలువ గట్టు ఎక్కాయి. ఊరి జనం వెంట నడిచారు. నిన్న పడిన చోట బర్రె అడుగు అంచు మీదికి పోయింది. మోతి గిరుక్కున తిరిగి కాలు పట్టుకుంది. బర్రె ఆగింది. కుక్క దాని పక్కకు చేరి, ఒంటితో నెట్టి, సన్నటి వంతెన మీదికి ఎక్కించింది. అంత పెద్ద బర్రె చిన్నపిల్లలా ఒక్కొక్క అడుగే వేస్తూ అవతలి ఒడ్డుకు చేరింది.

రాజయ్య చేతిలోని కర్ర జారిపోయింది. భూదవ్వ రెండు చేతులూ జోడించింది. రాజయ్య డాక్టరు వైపు తిరిగాడు.

"ఇదేంది డాక్టరమ్మా? గా కుక్క ఏం జేస్తున్నది?"

సాయిలత కండ్లు తుడుచుకుంది.

"బాపూ, మీ బర్రెకు కండ్లు కనిపిస్తలేవు."