ఆకుల తప్పు

పోయిన నెల వానకి కెయిర్న్స్‌లో డెల్లా ఆంటీ కుట్టుకొట్టు కప్పు అంచున వాననీళ్లు పోయే గట్టర్ పొంగింది. సీలింగ్ ఊడిపడి పెళ్లిగౌన్లన్నీ తడిసిపోయాయి. ఆమె గట్టర్ పనులు చేసేది నేనే. "గట్టర్ మీది జాలీ చిరిగి మామిడాకులు అడ్డం పడుంటాయి ఆంటీ" అని చూడకుండానే ఫోన్లో చెప్పేశాను.

రెండు రోజుల తర్వాత వీధివైపు నిచ్చెన వేసి ఎక్కాను. జాలీ చిరగలేదు. గట్టర్లో ఒక్క ఆకు లేదు.

"ఏం చెయ్యమంటావురా?" కింద నుంచి ఆంటీ అడిగింది.

"వెడల్పు గట్టర్ వేయించొచ్చు. లేదంటే నీళ్లు కిందికి పోవడానికి ఇంకో గొట్టం దింపొచ్చు."

"అవన్నీ ఎందుకు? ఆకులే అన్నావుగా. పొద్దున్నే చెట్టు కొట్టించేశాను."

కప్పు మీదుగా పెరట్లోకి చూశాను. చనిపోయిన అంకుల్, ఆంటీ భర్త, తను పుట్టిన దీవి నుంచి టెంక తెచ్చి నాటిన మామిడిచెట్టు. మొద్దు మిగిలింది.

గట్టర్ నిండితే నీళ్లు బయటికి పోవడానికి చివర ఒక కన్నం ఉంటుంది; అది మూసుకుపోతే నీళ్లు లోపలికే వస్తాయి. అందులోంచి గుమ్మంలో జనం నెత్తిన చుక్కలు పడుతున్నాయని నిరుడు ఆంటీ గోల పెడితే, దాన్ని సిలికాన్ జిగురుతో మూసింది నేనే. దాని మీద నా బొటనవేలి ముద్ర ఇంకా ఉంది.

చాకుతో గీకి కన్నం తెరిచాను. ముక్కలు జేబులో వేసుకున్నాను.

దిగగానే ఆంటీ సంచీ నిండా మామిడికాయలు చేతిలో పెట్టింది. "చెట్టు మీద ఉన్నవన్నీ కోయించా. నీ పిల్లలకి. ఇక లోపలికి కారదు కదా?"

"కారదు ఆంటీ" అన్నాను.

ఆ రోజు ఆమెకి నేను చెప్పిన నిజం అదొక్కటే.