కోయిల అడ్డుపడిన మీటింగు

తొమ్మిదిలోపు కుక్కర్ కూతలు అయిపోవాలి, పచ్చడి నూరేయాలి, పోపు ఘాటు పోగానే కిటికీలన్నీ బిగించాలి. విశాఖలో ఆఫీసులన్నీ ఇళ్లలోకి వచ్చేశాక వరహాలమ్మకు రోజూ ఇదే హడావిడి.

రోడ్ల మీద బండ్లు తగ్గి గాలి శుభ్రపడింది. ఏళ్లుగా ఆయాసంతో బాధపడుతున్న ఆమెకు ప్రాణం లేచివచ్చింది. ఆ గాలికే పిట్టలూ తిరిగొచ్చాయి. వాటి గోలకు మీటింగులు పాడవుతున్నాయని కోడలు చంద్రకళ కిటికీలు మూయించేసింది.

ఆ రోజు ఉక్కకు మళ్లీ ఆయాసం ఎగదన్నింది. వరహాలమ్మ విసురుగా కిటికీ తెరిచింది. వేపచెట్టు మీది కోయిల గొంతు చించుకుంది.

"అత్తయ్యా! మీటింగులో ఉన్నాను!"

"దేని గురించేటి అంత మీటింగు?"

"ఇంటి నుంచి పనిచేస్తే ఊళ్లో గాలి ఎంత బాగుపడిందో చెబుతున్నాం."

"మరి ఆ బాగు నా ముక్కుదాకా రావొద్దేటే?"

చంద్రకళ గబుక్కున మైకు ఆపింది గానీ, కిటికీ జోలికి మాత్రం రాలేదు.

మీ మీటింగులో ఎవరింటి కోయిలైనా కూస్తే విసుక్కోకండి. కిటికీ ఊచలు పట్టుకుని గుండెల నిండా గాలి పీల్చుకుంటున్న వరహాలమ్మను ఒక్కసారి తలుచుకోండి.